నోరు నల్లగా ఉంటే ఒరిజినలేనా?

మాది తెనాలిలో పశువుల మందుల షాపు. నాన్న హయాంలో గేదెలకి కాల్షియం డబ్బాలు, కోళ్ళ మందులు, దూడలకి నులిపురుగుల మందు, అంతకు మించి ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు ముందు అరలన్నీ కుక్కల సామానే. ఫుడ్డు సంచులు, బెల్టులు, షాంపూలు, పిడుదుల మందు. గేదెల సరుకు వెనక గదిలోకి పోయింది. పక్క సందులోనే పశువుల ఆస్పత్రి కావడంతో టీకా వేయించడానికి వెళ్ళేవాళ్ళూ, వేయించుకుని వచ్చేవాళ్ళూ మా కౌంటర్ మీదే కుక్కపిల్లని దించుతారు. దించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, ఇది ఒరిజినలేనా?"

డబ్బు కట్టేశాక అడుగుతారు. కట్టకముందు అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నేను డాక్టర్ని కాదు, మందులమ్ముకునేవాణ్ణి. అయినా ఇన్నేళ్ళుగా చేతిలో పడ్డ పిల్లల్నీ, అవే పెద్దయ్యాక పిడుదుల మందు కోసం వచ్చినప్పుడూ చూస్తూ వచ్చాను కాబట్టి ఒక మాట ధైర్యంగా చెబుతాను. నలభై ఐదు రోజుల పిల్లని ముఖం చూసి, ఇది నూటికి నూరుపాళ్ళు ఫలానా జాతి అని చెప్పగలిగేవాడు లేడు. చెబుతున్నాడంటే వాడు అమ్మేవాడన్నా అయ్యుండాలి, అమ్మేవాడి బావమరిదన్నా అయ్యుండాలి.

అయినా గుర్తులు చెప్పేవాళ్ళకి మన దగ్గర కొదవ లేదు. మా వైపు బాగా చెలామణీలో ఉన్న పరీక్ష నోరు. పిల్ల నోరు తెరిచి అంగిలి చూస్తారు. నల్లగా ఉంటే మేలుజాతి, ఎర్రగా ఉంటే క్రాసు. జర్మన్ షెపర్డ్ కొనేటప్పుడైతే ఈ పరీక్ష చేయందే బేరం మొదలుకాదు. అంగిలి నలుపు అంటే చర్మంలో ఉండే రంగే, అంతకన్నా దానికి అర్థం లేదు. మా వీధి చివర టీ కొట్టు బల్ల కింద పడుకునే కుక్కకి నోరంతా నలుపే. దాని వంశం ఆ టీ కొట్టు దాటి ఎన్నడూ పోలేదు. నాలుక నీలిరంగు కలిసిన నలుపుగా ఉండటమే లక్షణమైన జాతి లేకపోలేదు, చౌచౌ అలాంటిది. అది పట్టుకుని, ల్యాబ్రడార్ నాలుక మీద చిన్న నల్ల మచ్చ కనిపిస్తే చాలు, "ఇందులో చౌచౌ రక్తం ఉంది" అని తీర్పు చెప్పేవాళ్ళు బయల్దేరారు. నాలుక మచ్చలు శుద్ధమైన ల్యాబ్‌లకీ ఉంటాయి, ఇంకా చాలా జాతులకీ ఉంటాయి. అలాగే ల్యాబ్ రొమ్ము మీద చిన్న తెల్ల చుక్క. అది కనబడగానే బేరం చెడగొట్టుకుని పోయినవాళ్ళని చూశాను. ఆ చుక్క ఉండొచ్చని జాతి ప్రమాణంలోనే, అంటే ఆ జాతి ఎలా ఉండాలో కెన్నెల్ క్లబ్బులు రాసిపెట్టుకున్న దాంట్లోనే ఉంది.

గోళ్ళు లెక్కపెట్టడం రెండో పరీక్ష. మామూలుగా ముందు కాళ్ళకి ఐదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మొత్తం 18. కొన్నిటికి వెనక కాళ్ళ లోపలి వైపున కూడా ఒక్కో గోరు వేలాడుతూ ఉంటుంది, దాంతో 20 అవుతాయి. ఇరవై గోళ్ళది వేటకుక్క అనీ, అదృష్టమనీ పెద్దవాళ్ళ నమ్మకం. ఫ్రాన్సు వాళ్ళ బోసెరాన్ అనే కాపలా కుక్కకి వెనక కాళ్ళకి రెండేసి అదనపు గోళ్ళు ఉండి తీరాలి, అది నిజం. మన బజార్లో దొరికే ల్యాబ్‌కీ షెపర్డ్‌కీ ఆ లెక్కతో పని లేదు. ఊరకుక్కల్లో ఇరవై గోళ్ళవి కావలసినన్ని.

మూడోది మెడ తోలు పట్టుకుని గాల్లోకి లేపడం. అరవకపోతే గట్టి జాతి అట. మా కౌంటర్ దగ్గర ఎవరైనా ఈ పని చేస్తే నేను పిల్లని లాక్కుంటాను. అరవలేని పిల్లకి ఒంట్లో బాగోలేదేమో అనుకోవాలి గానీ, మురిసిపోవడానికి అందులో ఏముంది?

షెపర్డ్ చెవుల గొడవ ఒకటుంది. పిల్ల చెవులు వాలి ఉన్నాయని కంగారు పడతారు. ఆ వయసులో వాలే ఉంటాయి. మూడో నెల నుంచి ఆరో నెల లోపు లేస్తాయి, మధ్యలో పళ్ళు మారేటప్పుడు లేచిన చెవి మళ్ళీ పడిపోవడమూ కద్దు. పుట్టినప్పుడు దాదాపు నల్లగా ఉండి, నెలలు గడిచేకొద్దీ కాళ్ళూ పక్కలూ గోధుమ రంగుకి తిరుగుతాయి. డాల్మేషియన్ అయితే మరీ విచిత్రం, పిల్లలు తెల్లగా పుడతాయి. మచ్చలు రావడం రెండో వారం నుంచి మొదలవుతుంది. పుట్టిన రోజున చూస్తే అమ్మేవాడిదే మోసం అనుకుంటాం.

అమ్మేవాళ్ళ భాష వేరే. డబుల్ బోన్, హెవీ బోన్, పంచ్ ఫేస్, షో క్వాలిటీ, ఛాంపియన్ లైన్, ఇంపోర్ట్ లైన్. వాట్సాప్‌లో ఫొటో కింద ఈ మాటలన్నీ వరసగా పెడతారు. డబుల్ బోన్ అన్న మాటకి ఏ జాతి ప్రమాణంలోనూ చోటు లేదు. ఛాంపియన్ లైన్ అంటే ఏ ఛాంపియన్, తాతా ముత్తాతా, ఏ పేరుతో రిజిస్టర్ అయింది అని అడగండి. అవతల నుంచి "మీరు కొనేవాళ్ళేనా అసలు?" అని వస్తుంది.

ఒక ఆదివారం పొద్దున కొల్లిపర వైపు నుంచి ఒక రైతు, కాలేజీలో చదివే కూతురు వచ్చారు. అమ్మాయి ఒళ్ళో అట్టపెట్టె, అందులో టవల్లో చుట్టిన పసుపు రంగు ల్యాబ్ పిల్ల. అంతకు ముందు రోజే కొన్నారు. అమ్మినవాడు చెప్పింది: నలభై ఐదు రోజులు, టీకా అయిపోయింది, పేపర్లు (జాతి సర్టిఫికెట్) రెండు నెలల్లో కొరియర్లో వస్తాయి. పన్నెండు వేలు. పిల్ల ముద్దుగానే ఉంది, బంతిలా గుండ్రంగా. ఆ గుండ్రం పొట్టలోనే ఉంది, వెన్ను మీద చెయ్యేస్తే పూసలు తగులుతున్నాయి. పొట్ట నిండా నులిపురుగులు. కళ్ళలో ఇంకా ఆ పొగమంచు నీలం పోలేదు. పై పెదవి ఎత్తి చూశాను. ముందు పళ్ళు బియ్యపు నూకల్లా అప్పుడే చిగురు దాటుతున్నాయి, కోరపళ్ళు మొనలు తేలాయి. చిటికెన వేలు బుగ్గ లోపలికి పోనిచ్చి వెనక చిగుళ్ళు తడిమితే మెత్తగా, నున్నగా ఉన్నాయి. ఒక్క పన్నూ లేదు. వేలు దొరికిందే చాలని చీకడం మొదలెట్టింది.

పాలపళ్ళు మూడో వారం నుంచి మొదలై, వెనక పళ్ళు నెల దాటాక వస్తాయి. రెండు నెలలు నిండేసరికి మొత్తం 28 ఉంటాయి. నలభై ఐదు రోజుల పిల్లకి వెనక చిగుళ్ళు అంత నున్నగా ఉండవు. ఇది మహా అయితే నెల పిల్ల, తల్లి దగ్గర పాలు తాగుతుండాల్సింది. టీకా పుస్తకం తెరిస్తే బ్రీడ్ దగ్గర ల్యాబ్రడార్ అని ఉంది, తేదీ ఉంది, సంతకం ఒక గీత. టీకా సీసా మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న చిన్న స్టిక్కర్ ఉంటుంది, అది ఒలిచి పుస్తకంలో అంటించడం పద్ధతి. అది లేదు. నిజంగా వేసినా ఆ వయసులో తల్లి పాలతో వచ్చిన రక్షణే టీకాని పని చేయనివ్వదు, అందుకే ఆరు వారాలు దాటాక మొదలుపెడతారు.

"అంటే ల్యాబ్ కాదా?" అని అమ్మాయి అడిగింది. ల్యాబ్ అవునో కాదో దాని ముఖంలో లేదమ్మా అన్నాను. అదే నిజం కూడా.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇంత లేతగా ఎందుకు అమ్ముతారంటే, ఒకటి, మేత ఖర్చు, టీకా ఖర్చు తప్పుతాయి. రెండోది ఎవరూ బయటికి చెప్పరు. నెల పిల్ల ఏ జాతిదైనా ముక్కు పొట్టి, చెవులు వేలాడుతూ, కాళ్ళు లావు, తోక పొట్టి. ల్యాబ్ తల్లికి వీధి కుక్కతో పుట్టిన పిల్ల కూడా ఆ వయసులో అచ్చం ల్యాబే. రెండున్నర నెలలకి ముక్కు సాగుతుంది, కాళ్ళు పొడుగవుతాయి, తోక వీపు మీదికి చుట్ట తిరగడం మొదలవుతుంది. అప్పటికి అమ్మినవాడి ఫోన్ నంబరు పనిచేయదు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని స్పష్టంగా ఉంది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి, తల్లికి ఏడాదిన్నర నిండాలి, ఏడాదికి ఒక ఈతే, జీవితంలో ఐదు ఈతలకి మించకూడదు అని కూడా ఉంది. బజార్లో "నలభై ఐదు రోజులు" అనేది మంత్రంలా అందరి నోటా ఒకటే మాట. అంటే చట్టం తెలియకా, లెక్క చేయకా ఆ మాట అంటున్నట్టే. నేను చూసినంతలో ఆ నలభై ఐదు కూడా సాధారణంగా ముప్ఫయ్యే.

ఆ రైతు డబ్బు వెనక్కి అడగడానికి ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. నులిపురుగుల మందు, పాలపొడి తీసుకుని వెళ్ళారు. అది ఇప్పుడు వాళ్ళ మామిడి తోటకి కాపలా. మొన్న పిడుదుల మందుకి తీసుకొచ్చారు. ఒళ్ళు సన్నం, తోక చుట్ట, ముఖం మాత్రం కొంచెం ల్యాబే. ఆ తండ్రి నన్ను చూసి, "మనూరి ల్యాబ్ బాబాయ్" అని నవ్వాడు.

మరి ఎట్లా చూసుకోవాలి అంటారా? పిల్లని వదిలేసి తల్లిని చూడండి. ఫొటోలో కాదు, వీడియోలో కాదు, అది ఉన్న ఇంట్లో, పిల్లలతో పాటు. అమ్మేవాడు రైల్వే స్టేషన్ దగ్గరికి రమ్మన్నా, బైపాస్ మీద పెట్రోల్ బంకు దగ్గర ఇస్తానన్నా అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. తల్లిని చూపించమంటే ఎవరిదో మంచి కుక్కని తెచ్చి కట్టేసేవాళ్ళూ ఉన్నారు. అందుకని ఒక్క క్షణం దాని పొట్ట కింద చూడండి. పిల్లలకి పాలిచ్చే తల్లికి రొమ్ములు సాగి వేలాడుతుంటాయి, చుట్టూ పిల్లల గోళ్ళ గీరలుంటాయి, వెంట్రుకలు కూడా పల్చబడి నీరసంగా కనిపిస్తుంది. నిగనిగలాడుతూ, పొట్ట అతుక్కుపోయి ఉన్న కుక్కని తల్లి అంటే నమ్మకండి. పిల్లల్ని వదలమనండి. తల్లయితే అవి ఎగబడి కిందికి దూరతాయి.

తండ్రి గురించి కూడా అడగండి. చాలాసార్లు తండ్రి వేరే ఊళ్ళో ఉంటుంది, స్టడ్ కోసం తీసుకెళ్ళి క్రాసింగ్ చేయించుకొస్తారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఎద మీదున్న ఆడకుక్క దాదాపు మూడు వారాల పాటు మగవాటిని రప్పిస్తుంది. క్రాసింగ్ చేయించుకొచ్చాక డాబా మీద వదిలేస్తే, పక్కింటి కుక్క పిట్టగోడ దూకితే, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. ఇది కట్టుకథ కాదు, కుక్కల్లో జరిగే పనే. అప్పుడు పేపరు మీద ఒక తండ్రి పేరు ఉంటుంది, పిల్లల్లో సగం వాడివి కావు. పెంపకందారుడికే తెలియకపోవచ్చు.

ల్యాబ్ కొనేవాళ్ళకి రంగుల లెక్క ఒకటి పనికొస్తుంది. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇదే, ఎందుకంటే ఇందులో కంటి మోసం లేదు. ల్యాబ్‌కి గుర్తింపు ఉన్న రంగులు మూడు: నలుపు, పసుపు, చాక్లెట్. పసుపు అనేది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు వైపులా వస్తేనే బయటపడే గుణం. కాబట్టి పసుపు ల్యాబ్ దగ్గర పిల్లకి ఇవ్వడానికి ఇంకోటి లేదు. పసుపు తల్లికీ పసుపు తండ్రికీ పుట్టినవన్నీ పసుపే అవ్వాలి. ఆ ఈతలో నల్ల పిల్ల ఉందంటే తండ్రి వాడు కాదు, లేదా తల్లి ఇది కాదు. చాక్లెట్ కూడా రెండు వైపుల నుంచీ రావాల్సిందే కనుక, చాక్లెట్ జంటకి నల్ల పిల్ల పుట్టదు. నలుపు జంటకి మాత్రం మూడు రంగులూ పుట్టొచ్చు, అది చూసి అనుమానపడక్కర్లేదు. వైట్ ల్యాబ్ అని ఎక్కువ రేటు చెప్పేది లేత పసుపే. సిల్వర్ ల్యాబ్ అని ఇంకా ఎక్కువ చెప్పేది జాతి ప్రమాణంలో లేని రంగు. దొరకని రంగు అని కాదు, గుర్తింపు లేని రంగు అని అర్థం చేసుకోండి.

ఇక పేపర్లు. మన దేశంలో పేపర్ అంటే జాతి కుక్కల వంశాలు నమోదు చేసే, చెన్నైలో ఆఫీసు ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్, అందరూ కేసీఐ అనేది. దాంట్లో పిల్ల పేరు, జాతి, ఆడో మగో, రంగు, పుట్టిన తేదీ, పెంపకందారు పేరు, మైక్రోచిప్ నంబరు, తల్లిదండ్రుల నుంచి మూడు తరాల పేర్లు ఉంటాయి. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తాం చూడండి, అలాంటిది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెబుతుంది. భూమి పండుతుందో లేదో అందులో ఉండదు.

మా షాపుకి వచ్చే "పేపర్లలో" రకాలున్నాయి. బంగారు అంచుతో షాపువాడే ప్రింటు కొట్టించిన "ప్యూర్ బ్రీడ్ సర్టిఫికెట్". తల్లిదండ్రుల సర్టిఫికెట్ల జిరాక్సులు. ఇవి ఆ తల్లిదండ్రులకి సంబంధించినవే గానీ ఈ పిల్లవి కావు, ఆ జిరాక్సు ఎవరి దగ్గరైనా సంపాదించొచ్చు. టీకా పుస్తకం, ఇది అన్నిటికన్నా ఎక్కువ మందిని నమ్మిస్తుంది. డాక్టరు గారు బ్రీడ్ అని ఉన్న చోట మీరు ఏం చెబితే అది రాస్తారు. ఎదురుగా పది మంది కూర్చునుంటే వంశ విచారణ చేస్తూ కూర్చోరు గదా. ఇంకా ఒకటుంది, కేసీఐ వాళ్ళదే, అసలైనదే, కానీ వంశం లేనిది. రిజిస్టర్ కాని కుక్కని డాగ్ షోలో జడ్జి చూసి, రూపం జాతికి తగ్గట్టుందని ఒప్పుకుంటే కొత్తగా నమోదు చేస్తారు. అందులో తల్లిదండ్రుల తరాలు ఉండవు. అది తప్పుడు పేపరు కాదు, కానీ "కేసీఐ ఉంది సార్" అన్న మాట దానికీ వర్తిస్తుంది, మూడు తరాలున్న దానికీ వర్తిస్తుంది. రేటు మాత్రం ఒకటే చెబుతారు. కాబట్టి ఉందా అని కాదు, చూపించు అనండి. చూశాక తాతల గడులు నిండి ఉన్నాయో లేదో చూడండి.

పేపరుకీ పిల్లకీ ముడి వేసేది చిప్. బియ్యం గింజంత ఉంటుంది, భుజాల మధ్య తోలు కింద వేస్తారు, 15 అంకెల నంబరు. రీడర్ మెడ మీద తిప్పితే అంకెలు కనిపిస్తాయి. సర్టిఫికెట్ మీదున్న 15 అంకెలూ రీడర్ మీదున్న 15 అంకెలూ ఒక్కటి కాకపోతే ఆ పేపరు ఇంకో కుక్కది. రీడర్ అన్ని చోట్లా ఉండదు, పెద్ద ఆస్పత్రుల్లో ఉంటుంది. పెంపకందారుడు నిజంగా లిట్టర్ (ఒక ఈత పిల్లలన్నిటినీ) రిజిస్టర్ చేయించేవాడైతే ఆయన దగ్గరే ఉంటుంది, అడిగితే సంతోషంగా తిప్పి చూపిస్తాడు. "పేపర్లు తర్వాత వస్తాయి" అన్న మాట ఒక్కోసారి నిజమే, నమోదుకి టైము పడుతుంది. అలాంటప్పుడు పిల్లకి చిప్ ఇప్పటికే వేసుండాలి, తల్లి అసలు సర్టిఫికెట్ ఆయన పేరు మీద ఉండాలి, చిప్ నంబరు రాసి రసీదు ఇవ్వాలి. ఇవేవీ లేకుండా తర్వాత వస్తాయంటే రావు.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది గదా అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపిస్తే, తమ దగ్గరున్న జాతుల నమూనాలతో పోల్చి ఏ జాతి ఎంత పాలో అంచనా చెబుతారు. క్రాస్ అయితే బయటపడుతుంది. తల్లిదండ్రులవి కూడా పంపితే వీటికి పుట్టిందా లేదా అన్నది ఇంకా గట్టిగా తేలుతుంది. కానీ ఆ రిపోర్టు చూసి కేసీఐ పేపరు ఇవ్వరు. కంటిచూపు కన్నా మాత్రం వెయ్యి రెట్లు నయం. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెనకటికి బసెంజీ, కాకర్ స్పానియల్ అనే రెండు జాతుల కుక్కల్ని దాటించి చూశారు. ఒకటి నిక్కపొడుచుకున్న చెవులు, చుట్ట తోక. ఇంకోటి వేలాడే చెవులు, బొచ్చు. వీటికి పుట్టినవి చూస్తే తల్లీ గుర్తుకు రాదు, తండ్రీ గుర్తుకు రాడు. రెండో తరంలో ఒక్కోటి ఒక్కో తీరు. శాస్త్రవేత్తలు దగ్గరుండి దాటించిన పిల్లలే అలా ఉంటే, మనం వాట్సాప్ ఫొటో చూసి ఏం తేలుస్తాం?

పమేరియన్ సంగతి చెప్పకపోతే ఈ పోస్టు తెనాలిలో ఎవరూ ఒప్పుకోరు. మన ఇళ్ళలో ముప్ఫై నలభై ఏళ్ళుగా గేటు దగ్గర అరుస్తున్న తెల్ల బొచ్చు కుక్క, మూతి కోసుగా, ఆరేడు కిలోలు, కొన్నయితే పది దాటి తూగేది, అది పమేరియన్ కాదు. ఇండియన్ స్పిట్జ్. ప్రమాణం ప్రకారం పమేరియన్ ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు, బరువు మూడు కిలోల చుట్టుపక్కల, ఒళ్ళో పట్టేంత. మా వీధిలో పిన్నిగారు ఒకావిడ ఈ మాట విని నాతో వారం మాట్లాడలేదు. ఆవిడ మోసపోలేదు. ఆవిడ కుక్క క్రాసు కూడా కాదు, తరాలుగా ఇక్కడే పుట్టి, మన ఎండకి తట్టుకుంటూ, తనలాంటి పిల్లల్నే కంటున్న జాతి. పేరే తప్పు. ఇప్పుడు మూడు కిలోల అసలు పమేరియన్‌ని "టాయ్ పామ్" అని వేరే పేరుతో అమ్ముకోవాల్సి వస్తోంది.

తరాలుగా తనలాంటి పిల్లల్నే కనడం అన్నాను గదా, జోనంగి గురించి ఆలోచిస్తే నాకు అదే తోస్తుంది. కొల్లేరు చుట్టూ, గోదావరి జిల్లాల్లో బాతుల కాపర్ల దగ్గర ఉండే కుక్క. ఒంటికి అతుక్కుపోయినట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మామూలు కుక్కలా మొరగడం తక్కువ, నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. కొల్లేరులో చేపల చెరువులు పెరిగి బాతుల కాపర్లు తగ్గాక ఇదీ తగ్గిపోయింది. చేపలు తినేస్తుందని చెరువుల వాళ్ళకి పగైంది. దీని పిల్లకి మూడు తరాల పేపరు ఎవరిస్తారు? బాతుల కాపరి తల్లి పని చూసి పిల్లని పెట్టుకునేవాడు, అంతే. ఇప్పుడు "ప్యూర్ జోనంగి" అని ఎవరైనా అమ్మితే, తల్లి ఎక్కడుంది, మందతో తిరిగేదా, ఏ ఊరు అని అడగడం తప్ప ఇంకో దారి నాకు తోచలేదు.

పేపర్లున్న జాతులు కూడా ఒకప్పుడు ఇవే. ల్యాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్లాండ్ జాలర్ల దగ్గర నీళ్ళలో దూకి వలలు లాగిన కుక్కలు. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ దాన్ని జాతిగా గుర్తించింది 1903లో. జర్మన్ షెపర్డ్ కథ ఇంకా బాగుంటుంది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఒక ప్రదర్శనలో హెక్టర్ అనే గొర్రెల కుక్కని చూసి ముచ్చటపడి కొని, హోరాండ్ అని పేరు మార్చి, కొత్త పుస్తకంలో ఒకటో నంబరుగా రాశాడు. ఈరోజు మనం నోరు తెరిచి అంగిలి చూస్తున్న షెపర్డ్‌ల వంశావళి ఆ పుస్తకం దగ్గర మొదలు. హోరాండ్ తల్లిదండ్రుల్ని ఎవరైనా "ఒరిజినలేనా" అని అడిగుంటే స్టెఫానిట్జ్ ఏమనేవాడో. గొర్రెల్ని బాగా తోలతాయి అని ఉంటాడు.

షోలకి తిప్పాలి, ఈతలు తీయాలి అనుకుంటే తప్ప పేపరు కోసం అంత ఆరాటం ఎందుకని నా ఉద్దేశం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ల్యాబ్‌కీ షెపర్డ్‌కీ తుంటి కీలు వదులయ్యే జబ్బు వంశంలో వస్తుంది, శుద్ధమైన జాతి అయితే రాదని ఏమీ లేదు. మంచి పెంపకందారులు తల్లికీ తండ్రికీ రెండేళ్ళు నిండాక తుంటి ఎక్స్‌రే తీయించి చూస్తారు. చాలా ఎక్కువ డబ్బు పోసి కొన్నవాళ్ళు కూడా మా కౌంటర్ దగ్గర ఒరిజినలా అని అడుగుతారు గానీ, తల్లి తుంటి ఎక్స్‌రే చూశాం అన్నవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. ఐదో ఏట కీళ్ళ నొప్పుల మందుకి మాత్రం మళ్ళీ మా షాపుకే వస్తారు. నాకు వ్యాపారమే అనుకోండి.

పార్వో అనే వైరస్ జబ్బు సంగతి కూడా అంతే. చలికాలం మొదలైతే చాలు, రక్తవిరేచనాలతో సెలైన్ పెట్టించుకోవడానికి వచ్చే పిల్లల్లో పేపరున్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. నెలకే తల్లి నుంచి విడదీసి, బస్సు డిక్కీలో అట్టపెట్టెలో వచ్చినవే ఎక్కువ. ఆరు వారాలు దాటాక మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, మూడు నెలలకి రేబిస్ టీకా. ఇవి స్టిక్కర్లతో సహా పుస్తకంలో ఉంటే, ఆ పిల్ల మీద ఎవరో కొంత శ్రద్ధ పెట్టారని అర్థం. శ్రద్ధ పెట్టినవాడు తల్లిని కూడా దాచడు.

ఎవరికైనా పిల్లని చూపించాలనిపిస్తే డబ్బు కట్టకముందే పట్టుకు రండి. పళ్ళు చూసి వయసు చెబుతాను, జాతి మాత్రం చెప్పను. ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత షాపు ఉండదు.